ఏడాది కూడా నిండని కారుకి స్టీరింగ్ లూజ్! నా బండిలో అసలేం దొరికిందో చూడండి

అందరికీ నమస్కారం. ఈరోజు మైలేజీ, సన్‌రూఫ్, డిక్కీలో ఎన్ని బ్యాగులు పడతాయి, అవేం లేవు. నా కారు కొని 11 నెలలు, తిరిగింది 14,000 కిలోమీటర్లు, నంబరు ఓడీ 18, మాది ఒడిశాలోని రాయగడ. వీడియో మొత్తం ఒక్క స్టీరింగ్ గురించే, ఎందుకంటే పోయిన నెల జయపురం ఘాట్ దిగుతుంటే ఆ స్టీరింగ్ నా చేతుల్లో ఊగింది. తిరగడం కాదండీ, ఊగడం. పాత సైకిల్‌కి సీటు బోల్టు వదులైతే ఎలా కదులుతుందో అలాగ.

కారు పేరు చెప్పను. లోగో మీద కప్పిన ఈ పసుపు గుడ్డ మా ఊరి మజ్జి గౌరమ్మ గుడి దగ్గర బండికి పూజ చేయించినప్పటిది, దీన్ని ఇలా వాడానని తెలిస్తే అమ్మ తిడుతుంది. పేరు ఎందుకు దాస్తున్నానో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

కథ హారన్‌తో మొదలైంది. ఎనిమిదో నెలలో హారన్ ఆగిపోయింది, దాంతోపాటు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. వర్క్‌షాపుకి తీసుకెళ్తే క్లాక్ స్ప్రింగ్ పోయిందన్నారు. స్టీరింగ్ ఎంత తిప్పినా హారన్ వైరు, ఎయిర్‌బ్యాగ్ వైరు తెగకుండా లోపల ఒక రిబ్బన్ చుట్టలా ఉంటుంది, అదన్నమాట. వారంటీలోనే కదా, ఉచితంగా మార్చారు, నేనూ సంతోషంగా ఇంటికొచ్చేశాను. అది మార్చాలంటే స్టీరింగ్‌ని మొత్తం ఊడదీసి మళ్లీ బిగించాలని అప్పుడు నాకు తెలీదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

రెండు నెలలకి చిన్న చప్పుడు మొదలైంది. ఆగి ఉన్నప్పుడు కుడికి తిప్పితే టక్, ఎడమకి తిప్పితే టక్. పాటలు పెట్టుకుంటే వినపడదు. మళ్లీ వర్క్‌షాపుకి వెళ్లి, అక్కడి అడ్వైజర్‌కి తెలుగు రాదు కాబట్టి ఒడియాలోనే, స్టీరింగ్ ‘ఢిలా’గా ఉంది చూడమని చెప్పాను. ఢిలా అంటే లూజే. ఆయన జాబ్ కార్డులో, అంటే మన ఫిర్యాదు, వాళ్లు చేసిన పని రాసే కాగితంలో, టైపు చేసింది ఏంటో తెలుసా? ‘స్టీరింగ్ నాయిస్’. లూజ్ అన్న మాటే లేదు. నేనేమో చూడకుండా సంతకం పెట్టాను, నా తప్పు నాదే. సాయంత్రానికి వీల్ అలైన్‌మెంట్ చేసి, దానికి బిల్లు వేసి, “ఎలక్ట్రిక్ స్టీరింగ్ కదా సార్, ఇంతే ఉంటుంది, మీకు కొత్త” అన్నారు. నేనూ నమ్మాను.

నమ్మడానికి కారణం ఉందండి, ఆ మాటలో సగం నిజం. ఈ రోజుల్లో చిన్న కార్లన్నిటికీ దాదాపుగా ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగే, మోటారు సాయం చేస్తుంది, పార్కింగ్‌లో ఒక్క వేలితో తిరిగిపోతుంది, వేగం పెరిగేకొద్దీ కాస్త బరువెక్కుతుంది. మా మావయ్య నలభై ఏళ్లు జీపు నడిపిన మనిషి, నా బండి ఎక్కి రెండు వీధులు తిప్పి “ఇదేటిరా, నీళ్లలో గరిటె తిప్పినట్టుంది” అన్నాడు. ఆయనకి అది లూజు. తేలిగ్గా తిరగడం జబ్బు కాదు. జబ్బు ఎక్కడంటే, మీరు తిప్పాక టైరు తిరగడానికి మధ్యలో ఖాళీ ఉంటే, లేదా తిరగాల్సిన దిక్కు కాకుండా వేరే దిక్కుకి కదిలితే.

ఇక ఆ రోజు. జయపురంలో బావ వాళ్లింట్లో ఫంక్షన్, పొద్దున్నే బయల్దేరి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ చేరాం. దారి పొడవునా లారీలు, గుంతలు, ఒక గుంతలో దిగినప్పుడు చేతిలో తేడా తెలిసింది కానీ పట్టించుకోలేదు. కొరాపుట్ దాటి ఘాట్ దిగుతుంటే, ఒక మలుపులో స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకున్నాను చూడండి, అది నా వైపుకి ఒక నూలుపోగంత వచ్చి మళ్లీ లోపలికి వెళ్లింది. వెనక సీట్లో అమ్మ, చెల్లి. గొంతు ఎండిపోయింది. మలుపు దాటాక వెడల్పుగా ఉన్న చోట ఎడమ పక్కకి తీసి ఆపేశాను, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, ముందు టైర్ల కింద రాళ్లు కూడా పెట్టాను. అమ్మకి మాత్రం ఇంజన్ వేడెక్కిందని చెప్పాను.

అక్కడ నేను చేసిన టెస్టు ఇప్పుడు మీకు చూపిస్తాను. ఇంజన్ ఆపి ఉంది, తాళం ఆన్‌లో పెట్టండి, లేకపోతే స్టీరింగ్ లాక్ పడి అది కూడా కొంచెం ఆడుతుంది, కంగారు పడతారు. రెండు చేతులతో అటూ ఇటూ పట్టుకుని మీ వైపుకి లాగండి, తోయండి, పైకీ కిందకీ ఆడించండి. కళ్లు మాత్రం స్టీరింగ్ మీద పెట్టకండి. కెమెరా దగ్గరకి తెస్తున్నా, ఇక్కడ చూడండి, స్టీరింగ్‌కీ దాని వెనక ఇండికేటర్, వైపర్ కాడలున్న ప్లాస్టిక్ తొడుగుకీ మధ్య ఈ సందు. మీరు ఆడిస్తే స్టీరింగ్, కాడలు, తొడుగు అన్నీ కలిసి కదిలాయనుకోండి, మొత్తం కాలమ్, అంటే స్టీరింగ్‌ని మోసే గొట్టం, కదులుతోందని అర్థం. అప్పుడు ముందు కింద ఉన్న ఈ టిల్ట్ లివర్ చూడండి, ఎత్తు సరిచేసుకున్నాక పూర్తిగా నొక్కకుండా వదిలేస్తే అచ్చం ఇలాగే ఊగుతుంది, టెన్షన్ అక్కడితో పోతుంది. లివర్ బిగుతుగానే ఉంటే కాలమ్ బ్రాకెట్ చూపించాలి.

కానీ కాడలు కదలకుండా ఈ సందు మాత్రం ఒకసారి పెరిగి ఒకసారి తగ్గితే, స్టీరింగ్ తన ఇరుసు మీదే, అంటే కాలమ్ లోపల తిరిగే కడ్డీ మీదే, వదులైంది. నాది అదే. అలా ఉంటే ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. నెమ్మదిగా వెళ్లిపోతానులే అని కూడా అనుకోవద్దు.

ఎందుకో చెప్తాను. ఆ ఇరుసు చివర పళ్లుంటాయి, స్ప్లైన్స్ అంటారు, స్టీరింగ్ మధ్యలోనూ అలాంటి పళ్లే. రెండూ ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి, మధ్యలో ఒకే ఒక్క బోల్టు, కొన్ని బండ్లలో నట్టు, దాన్ని పట్టి ఉంచుతుంది. బోల్టు వదులైనా పళ్లు పట్టుకునే ఉంటాయి కాబట్టి బండి తిరుగుతూనే ఉంటుంది, అదే మోసం. 2023 మార్చిలో అమెరికాలో రోడ్డు భద్రత సంస్థ టెస్లా మోడల్ వై మీద విచారణ మొదలుపెట్టింది, రెండు కొత్త కార్లలో నడుస్తుండగానే స్టీరింగ్ ఊడి చేతికొచ్చింది. చూస్తే బోల్టే లేదు, ఇన్నాళ్లూ పళ్ల బిగువు మీదే ఆగింది. ఆ రెండు కార్లకీ ఫ్యాక్టరీ చివర్లో ఏదో రిపేరు కోసం స్టీరింగ్ తీసి మళ్లీ పెట్టారట. ఇది చదివినప్పుడు నా హారన్ రిపేరే గుర్తొచ్చింది. 2018లో ఫోర్డ్ కూడా ఫ్యూజన్, లింకన్ ఎంకేజెడ్ కార్లు దాదాపు 14 లక్షలు వెనక్కి పిలిచింది, అక్కడ బోల్టు ఉంది కానీ కాలక్రమంలో వదులయ్యే అవకాశం ఉందని, ఇంకాస్త పొడుగు బోల్టు పెట్టారు.

సరే, ఘాట్ మీద. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే సిగ్నల్ వస్తూ పోతూ, బావ బైకు మీద వచ్చి అమ్మనీ చెల్లినీ జీపు ఎక్కించాడు, బండిని ఎత్తుకెళ్లే వ్యాన్ వచ్చేసరికి మూడు గంటలు. ఫంక్షన్ భోజనం పోయింది, అది వేరే బాధ. అదే దారిలో ఒక మెకానిక్ ఆగి, “పది నిమిషాల పని, నేను బిగించేస్తాను” అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, వద్దన్నాను. ఆ బోల్టు ఎయిర్‌బ్యాగ్ కింద ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగి, అప్పుడు ముట్టుకోవాలి, స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించే వస్తువు కాదది. మన ముఖానికి అడుగు దూరంలో పేలుతుంది.

కంపెనీదే ఇంకో వర్క్‌షాపుకి చేరింది. అక్కడ కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో, ముందు నా పాత జాబ్ కార్డులన్నీ అడిగాడు. క్లాక్ స్ప్రింగ్ అన్న లైను మీద వేలు పెట్టి “అన్నా, ఇక్కడే” అన్నాడు. బండి ఇంకా తెరవలేదు! ఎయిర్‌బ్యాగ్ తీశాక నన్ను పిలిచి చూపించాడు, బోల్టు రెండు వేళ్లతో తిరిగిపోయింది. ఇదిగో, ఈ బోల్టే, అడిగి తెచ్చుకున్నాను. దీని మరల మీద చూడండి, అరిగిన నీలం రంగు మచ్చలు. కొత్త బోల్టుకి ఇక్కడ నిండుగా ఉంటుంది, మర వదలకుండా పట్టుకునే మందు అది. ఒకసారి విప్పితే దాని పని అయిపోతుంది, అందుకే చాలా కంపెనీలు విప్పిన బోల్టు మళ్లీ వాడొద్దు, కొత్తది వేయండి అంటాయి. నా బండికి పాతదే వేశారు, అదీ చేతి అంచనాకి బిగించి. కుర్రాడు పళ్లు అరగలేదని లైటు వేసి చూసి, కొత్త బోల్టు వేసి, టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బిగువు కావాలో కొలిచి బిగించే పానాతో, టిక్ అనేదాకా బిగించి, బోల్టు తల మీద నుంచి పక్కకి పెయింట్‌తో ఒక గీత గీశాడు. గీత విరిగితే బోల్టు తిరిగినట్టు. ఇంకో మూడు నెలలు నడిపి ఉంటే పళ్లు కూడా పోయేవట.

మీది ఈ రకం లూజు కాకపోవచ్చు. ఇంజన్ ఆన్ చేసి, టైర్లు నిటారుగా పెట్టి, స్టీరింగ్ పైన ఒక టేపు ముక్క అంటించి, మెల్లగా అటూ ఇటూ ఆడించండి, బయట ఒకరిని ముందు టైరు చూడమనండి. టైరు కదలకుండా టేపు ఎంత జరుగుతోంది అన్నదే ప్లే. చాలా మాన్యువల్స్‌లో 30 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఫరవాలేదని ఉంటుంది, మీ పుస్తకంలో చూసుకోండి. అంతకంటే ఎక్కువుంటే కింద టైర్లని తిప్పే కడ్డీలు, అంటే టై రాడ్, రాక్, లేదా స్టీరింగ్ ఇరుసుని వాటికి కలిపే కప్లింగ్, క్రాస్ జాయింట్, వీటిలో ఏదో ఒకటి. గుంతల్లో మాత్రమే కటకటమంటే కూడా అక్కడే వెతకాలి. 80 దాటాక మాత్రమే వణికితే అది సాధారణంగా వీల్ బ్యాలెన్సింగ్, స్టీరింగ్‌ని తిట్టకండి.

ఇంకోటి, చాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి రీకాల్ ఉందేమో చూడండి, రెండు నిమిషాలు. 2023 జూలైలో మారుతి ఎస్‌ప్రెసో, ఈకో కలిపి 87,599 బండ్లు స్టీరింగ్ టై రాడ్ కోసం పిలిచింది, 2024 ఆగస్టులో ఆల్టో కే10 2,555 బండ్లని స్టీరింగ్ గేర్ బాక్స్ కోసం పిలిచి, భాగం మార్చేదాకా నడపొద్దని కూడా చెప్పింది. మనవైపు చాలామంది బండి విశాఖలోనో బరంపురంలోనో కొంటారు, ఫోన్ నంబరు మారుస్తారు, ఆ కబురు అందనే అందదు.

ఇక ముందు నా బండికి ఏ పనికైనా స్టీరింగ్ ఊడదీస్తే, కొత్త బోల్టు వేశారా, ఎంత టార్క్‌కి బిగించారు, రెండూ జాబ్ కార్డు మీద రాయించుకునే బయటికొస్తాను. ‘ఢిలా’ అని చెప్తే ‘లూజ్’ అనే టైపు చేశాడో లేదో కూడా చూసుకుంటాను.

మరి రేటింగ్? కారుకి నేను పదికి ఎనిమిది ఇస్తాను, ఇప్పటికీ. బోల్టు మార్చాక అదే ఘాట్ రెండుసార్లు ఎక్కి దిగాను, టక్ లేదు, ఊగడం లేదు. మొదటి వర్క్‌షాపుకి ఫోటోలు, రెండు జాబ్ కార్డులు పెట్టి మెయిల్ చేశాను. వారానికి జవాబొచ్చింది, అసౌకర్యానికి చింతిస్తున్నారట, అలైన్‌మెంట్ డబ్బులు వెనక్కిచ్చారు, పైగా ఒక ఫ్రీ వాషింగ్ కూపన్. స్టీరింగ్ ఊడబోయిన బండికి వాషింగ్! అది ఇదిగో డ్యాష్‌బోర్డులోనే ఉంది, బండి మాత్రం ఇంటి ముందే బకెట్టు పెట్టి కడుగుకుంటున్నా.