టీనేజ్ పిల్లలున్న ఇంట్లో ఏం చూడాలి? అడాలసెన్స్, కోర్ట్, నైంటీస్ రివ్యూ

అన్నలూ అక్కలూ, నమస్తే. ఈరోజు వీడియో పిల్లలకు కాదు, వాళ్లను కన్నవాళ్లకు. ఇంట్లో 13 దాటిన ఒక మనిషి ఉండి, అన్నానికి పిలిస్తే తప్ప గదిలోంచి బయటికి రావడం లేదంటే, ఇది మీ కోసమే. తిరుపతిలో ఇంటర్ పిల్లల అమ్మానాన్నలు ఎక్కడ కలిసినా నన్ను ఒకటే అడుగుతున్నారు: "మా వాడు మాట్లాడడం లేదు, వాణ్ణి అర్థం చేసుకునే సినిమా ఏదైనా ఉంటే చెప్పన్నా" అని. ఉన్నాయి. కాకపోతే ఒక షరతు. వాటిలో పిల్లాణ్ణి వదిలేసి ఆ ఇంట్లో పెద్దవాళ్లను చూడండి. నేను ఎంచుకున్నవన్నీ ఆ లెక్కలోనే ఎంచుకున్నా.

మొదటిది అడాలసెన్స్. నెట్‌ఫ్లిక్స్‌లో 2025 మార్చిలో వచ్చింది. నాలుగే ఎపిసోడ్లు, ఒక్కోటి ఒకే షాట్, మధ్యలో ఎక్కడా కట్ ఉండదు. ఇంగ్లండ్‌లో ఒక మామూలు ఇల్లు. తెల్లారకముందే పోలీసులు తలుపు పగలగొట్టుకుని వచ్చి 13 ఏళ్ల జేమీని పట్టుకుపోతారు. తనతో చదివే అమ్మాయిని చంపాడని కేసు. చేశాడా లేదా అన్న టెన్షన్ మొదటి ఎపిసోడ్‌తోనే తీరిపోతుంది. మిగిలిన మూడూ ఎందుకు చేశాడన్న దాని చుట్టూనే తిరుగుతాయి.

రెండో ఎపిసోడ్‌లో ఒక సీన్ ఉంది, అక్కడ కాస్త ఆగి చూడండి. కేసు చూస్తున్న పోలీసాయన స్కూలుకెళ్తాడు. చనిపోయిన ఆ పిల్ల జేమీకి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన కామెంట్లు చూసి, ఇద్దరూ స్నేహంగానే ఉన్నారని ఆయన లెక్క. అదే స్కూల్లో చదివే ఆయన కొడుకే పక్కకు పిలిచి, "నాన్నా, నీకు అర్థం కాలేదు" అన్నట్టు వివరిస్తాడు. ఆ ఎమోజీలు వెక్కిరింపులట. గుండె బొమ్మ ఎర్రగా ఉంటే ఒక అర్థం, ఊదా రంగులో ఉంటే ఇంకో అర్థం, పసుపుదైతే మరొకటి. పోలీసు బుర్ర, చేతిలో సాక్ష్యం, అన్నీ ఉండి కూడా ఆయనకు చదవడం రాలేదు. నాకు బాగా నచ్చింది ఆ తర్వాతది. స్కూలు అయ్యాక కొడుకుని ఏదైనా తిందాం రమ్మని తీసుకెళ్తాడు. క్లాసు పీకడు.

మూడో ఎపిసోడ్ దాదాపు అంతా ఒకే గదిలో, జేమీ, ఒక సైకాలజిస్టు. జేమీగా చేసిన ఓవెన్ కూపర్‌కు ఇదే మొదటి వేషం. 15 ఏళ్లకే ఎమ్మీ, అంటే టీవీ నటులకు ఇచ్చే పెద్ద అవార్డు, కొట్టాడు.

నాలుగోది తల్లిదండ్రులది. తండ్రి 50వ పుట్టినరోజు. పడకగదిలో భార్యాభర్తలు కూర్చుని, మనవల్ల ఏం జరిగిందని ఒకరినొకరు అడుగుతుంటారు. ఆయన్ను చిన్నప్పుడు వాళ్ల నాన్న బెల్టుతో కొట్టేవాడు. నేను నా పిల్లల్ని అలా కొట్టనని ఒట్టు పెట్టుకున్నాడు, కొట్టలేదు కూడా. కొడుకును ఫుట్‌బాల్‌కు తీసుకెళ్తే వాడికి ఆట రాదు, మిగతా తండ్రులు నవ్వుతుంటే ఈయన కొడుకు వైపు చూడలేక ముఖం తిప్పేసుకున్నాడు. అంతే చేశాడు. పిల్లాడు గదిలో కంప్యూటర్ ముందే ఉన్నాడు కదా, వాడికేం భయమని నిశ్చింతగా ఉన్నారు. మన దగ్గర ఆ గది పేరు హాస్టల్. ఆదివారం రెసిడెన్షియల్ కాలేజీ గేటు దగ్గర క్యారియర్లు పట్టుకుని నిలబడిన వాళ్లను అడగండి. లోపల ఫోన్ ఉండదు, స్టడీ అవర్స్ ఉంటాయి, ఇంకేం దిగులు అంటారు. సంగటి, చికెన్ పులుసు లోపలికి వెళ్తాయి, మాట మాత్రం మార్కుల దగ్గరే ఆగిపోతుంది.

ఈ సిరీస్ వచ్చిన మర్నాడే, 2025 మార్చి 14న, మన తెలుగులో కోర్ట్ విడుదలైంది. నాని సమర్పించాడు, రామ్ జగదీశ్ డైరెక్టర్. చందుకు 19, జాబిలికి 17. ఫోన్లో మొదలైన పరిచయం అబ్బాయి మీద పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టే చట్టం, కేసు దాకా వెళ్తుంది. 2012 నాటి ఆ చట్టం లెక్కలో 18 నిండనివాళ్లంతా పిల్లలే, అమ్మాయికి ఇష్టమే అన్నా చెల్లదు. ఈ సంగతి ఇంటర్ పిల్లలకే కాదు, వాళ్ల నాన్నలకూ చాలామందికి తెలీదు. లోపం కూడా చెప్పాలి. రెండో సగమంతా లాయర్ల మాటలే, ఆ పిల్ల మనసులో ఏముందో వినిపించే సీన్లు తక్కువ.

ఇందులో పరువు కోసం ఎంతకైనా తెగించే మంగపతిగా శివాజీ చేశాడు. ఆయనే 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన నైంటీస్ సిరీస్‌లో లెక్కల మాస్టారు, ముగ్గురు పిల్లల తండ్రి. ఒకే ముఖం, రెండు ఇళ్లు. మాస్టారుకు పిల్లలంటే ప్రాణం, అయినా మార్కుల కాగితం చేతికొచ్చిందంటే ఆ ప్రేమ ఎటు పోతుందో తెలీదు. ఈ రెండూ వెంటవెంటనే చూడండి. ఇంట్లో మీరు వాడే గొంతు ఏ శివాజీదో మీకే తెలుస్తుంది.

బొమ్మరిల్లు ఎందుకు చెప్పలేదంటారు. 2006 సినిమా, ప్రకాశ్‌రాజ్‌కు వంక పెట్టలేం. కానీ అందులో కొడుకు చివర్లో మనసులో ఉన్నదంతా తండ్రికి విప్పి చెప్పేస్తాడు. మన ఇంట్లో 16 ఏళ్లవాడు చెప్పడు. వాడి డైలాగు మొత్తం "ఏం లేదు" అన్న రెండు ముక్కలే. దాన్నుంచి మిగతాది మనమే రాబట్టుకోవాలి.

ఇంకోటి, హిందీలో ఛిఛోరే, 2019ది. కాలేజీ కామెడీ నాకు కొంచెం ఎక్కువైంది. ఎంట్రన్స్‌లో సీటు రాని కొడుకున్న ఆ తండ్రి బాధ మాత్రం అచ్చం మనదే. సీటొస్తే ఎలా సంబరం చేసుకోవాలో కొడుక్కు ముందే చెప్పాడు, రాకపోతే ఏం చేయాలో చెప్పలేదు. దీన్ని రిజల్ట్స్ రోజు దాకా దాచకండి, పరీక్షలకు ముందే చూడండి.

అడాలసెన్స్‌కు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఆ యాస తొందరగా అందదు. ముందు మీరిద్దరే చూడండి. పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, జేమీ కనబడినప్పుడల్లా "చూశావా" అని మోచేత్తో పొడిస్తే వాడు రెండో ఎపిసోడ్‌కే లేచిపోతాడు. అందరూ కలిసి కూర్చోవాలంటే నైంటీస్‌తో మొదలుపెట్టండి. అందులో ఉప్మా గొడవకు ఇంట్లో ఎవరైనా నవ్వుతారు.