నెమరుకు తీరిక

శ్రోతలకు నమస్కారం. ఈ పూట మాట్లాడబోయేది ధ్యానమయ జీవితం గురించి, అందులో ప్రకృతికీ సంగీతానికీ కవిత్వానికీ కథకూ ఉన్న చోటు గురించి.

మేత ముగించి నీడన పడుకున్న ఆవును ఎప్పుడైనా కాసేపు దగ్గర నుంచి చూడండి. కళ్లు సగం మూసుకుని ఉంటాయి, దవడ పక్కవాటుగా కదులుతూ ఉంటుంది. ఒక ముద్దను మింగిన తరువాత నాలుగైదు క్షణాలపాటు ఆ దవడ పూర్తిగా ఆగిపోతుంది. అంతలో మెడ కిందిభాగం నుంచి ఏదో గుండ్రటిది పైకి పాకుతున్నట్టు చర్మం కదులుతుంది, మరో ముద్ద నోటికి చేరుతుంది, దవడ మళ్లీ పనిలో పడుతుంది. మేసేటప్పుడు ఆవు పెద్దగా నమలదు. దొరికినదాన్ని దొరికినట్టు పొట్టలోకి పంపేస్తుంది. అసలు నమలడం తరువాతి పని, దానికి రోజులో 7, 8 గంటల దాకా పడుతుంది. చూసేవారికి మాత్రం అది ఊరికే పడుకుని ఉన్నట్టే కనిపిస్తుంది.

జ్ఞాపకాలను నెమరు వేసుకోవడం అని మనం అలవాటుగా అంటూనే ఉంటాం. ఆ మాటను మొదట అన్నవారెవరో గానీ ఆవును బాగా గమనించి ఉండాలి. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన క్రమంలోనూ చూడడం, వినడం అయ్యాక మననం వస్తుంది, ఆ తరువాతే నిదిధ్యాసనం, అంటే ఎడతెగని ధ్యానం. ఈ కాలంలో చూడడానికీ వినడానికీ కొదవలేదు. పొద్దున లేచింది మొదలు చేతిలోని ఫోను మేత వేస్తూనే ఉంటుంది. కొరవడినదల్లా ఒక మేతకూ మరో మేతకూ నడుమ ఉండవలసిన ఎడం. ధ్యానమయ జీవితం అనగానే కొండగుహలూ కాషాయాలూ గుర్తుకు రావడం వల్ల చాలామంది అది తమకు సంబంధించిన విషయం కాదనుకుంటారు. నా దృష్టిలో ఆ జీవితానికి కావలసింది ఈ ఎడాన్ని దేనితోనూ నింపేయకుండా ఉండగలగడం. ప్రకృతిని, సంగీతాన్ని, కవిత్వాన్ని, కథను ఈ పూట ఒకే మాటలో కలుపుకోవడానికి కారణం, అవన్నీ తమలోనే ఆ ఎడాన్ని దాచుకుని ఉండడం.

మెరుపునే తీసుకోండి. ఆకాశంలో వెలుగు చీలినప్పుడు ఆ దారిలోని గాలి దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్ వరకూ వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఆ కుదుపే ఉరుము. రెండూ ఇంచుమించు ఒకేసారి పుట్టినా వెలుగు మన కంటికి వెంటనే చేరుతుంది, ధ్వని మాత్రం సెకనుకు సుమారు 340 మీటర్ల చొప్పున నడిచి వస్తుంది. కాబట్టి మెరుపు మెరిశాక లెక్కపెట్టిన ప్రతి మూడు సెకన్లకూ ఒక కిలోమీటరు దూరమని అనుకోవచ్చు. లెక్క 30కి చేరకముందే ఉరుము వినిపిస్తే ఆరుబయట ఉండకూడదన్న సంగతిని కూడా ఈ లెక్కతోపాటే గుర్తుంచుకోవాలి. పరవశం పేరిట పిడుగుకు ఎదురు నిలవడం ధ్యానం అనిపించుకోదు. ఇంటి లోపల, కిటికీకి కాస్త ఎడంగా కూర్చుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్న ఆ పది పన్నెండు సెకన్లలో మనసులోకి రేపటి పని రాదు, నిన్నటి మాట రాదు. మనిషి మొత్తం ఒక చెవి అయి కూర్చుంటాడు. ఉరుము వచ్చినంత మాత్రాన వినడం అయిపోదు. మెరుపు దారి కిలోమీటర్ల పొడవున వంకరటింకరగా సాగి ఉంటుంది గనుక, దగ్గరి కొస నుంచి వచ్చే ధ్వని ముందుగానూ దూరపు కొస నుంచి వచ్చేది వెనకగానూ మనల్ని చేరుతాయి; ఒక్క కుదుపు అంతసేపు దొర్లుతూ వినిపించడానికి కారణం అదే. ఆ దొర్లుడును చివరిదాకా వినేవారు తక్కువ. నేనేమీ ఇందుకు మినహాయింపును కాను. నిరుడు ఒక వాన సాయంత్రం మెరుపును ఫోనులో పట్టుకోవాలన్న యావలో అరగంట గడిపాను. ఆ అరగంటలో ఎన్ని ఉరుములు ఉరిమాయో నాకు తెలియదు. ఫోనులో మిగిలింది నల్లటి ఆకాశం.

సంగీతంలో ఈ ఎడాన్ని కాపాడే పని తంబురాది. కచేరీలో అందరి చూపూ గాయకుడి మీదనే ఉంటుంది, వెనక కూర్చుని తంబురా మీటేవారిని ఎవరూ పట్టించుకోరు. దానికి ఉన్నవి నాలుగు తీగలు: పంచమం, అంటే ప స్వరం, ఒకటి; షడ్జాలు, అంటే స స్వరాలు, రెండు; చివరిది మంద్ర షడ్జం, అంటే కింది స్థాయి స. తాళంతో నిమిత్తం లేకుండా అవే తీగలను అదే వరుసలో మీటుతూ పోవడమే అక్కడ జరిగే పని. తీగలు ఆనుకునే వంతెన మీద ఒక్కో తీగ కింద ఒక సన్నని నూలుపోగు ఉంటుంది. ఆ పోగును వెంట్రుకవాసి జరిపితే చాలు, అంతవరకూ మొద్దుగా మోగిన తీగ తేనెటీగల గుంపులా ఝుమ్మంటుంది. అలా శ్రుతి కుదిరిన తంబురా ముందు కూర్చుని మంద్ర షడ్జాన్ని మీటి, రెండోసారి మీటడానికి తొందరపడకుండా చెవి ఒగ్గితే, ఆ తీగ సద్దుమణిగేలోగా పైన ఎక్కడో సన్నగా అంతర గాంధారం అనే గ స్వరం వినబడుతుంది. నిజానికి ఏ తీగనూ గాంధారానికి శ్రుతి చేయలేదు. తీగ మొత్తంగా కంపిస్తూనే ఐదు సమభాగాలుగానూ కంపిస్తుంది, ఆ ఐదు భాగాల కంపనమే మనకు గాంధారమై వినిపిస్తుంది. ఆత్రంగా మళ్లీ మీటేవారికి అది దక్కదు.

2006లో ఇటలీకి చెందిన వైద్య పరిశోధకుడు లూచానో బెర్నార్డి బృందం సంగీతం వింటున్నవారి గుండె వేగాన్నీ రక్తపోటునూ కొలిచినప్పుడు, నడుమ ఉంచిన రెండు నిమిషాల నిశ్శబ్దంలోనే శరీరం అన్నిటికంటే ఎక్కువగా సేదదీరినట్టు తేలింది. ఈ సంగతి చెప్పడానికి కొంచెం సంకోచిస్తున్నాను. రక్తపోటు తగ్గుతుందన్న ఆశతో రాగం వినేవాడు రాగాన్ని వినడు, తన రక్తపోటునే వింటూ కూర్చుంటాడు.

కవిత్వానికి వస్తే, యతి అనే మాటకు సంస్కృతంలో రెండు అర్థాలున్నాయి. ఇంద్రియాలను అదుపులో ఉంచుకున్న సన్యాసి యతి. పద్యపాదంలో ఊపిరి నిలపవలసిన చోటు కూడా యతే. రెండింటి ధాతువులూ వేరని పండితులు చెబుతారు గానీ, వాటి పొరుగుతనం నాకు నచ్చుతుంది. తెలుగు పద్యంలో ఆ విరామం అక్షరమైత్రిగా, అంటే అక్షరాల ధ్వని కలయికగా మారింది. ఉత్పలమాల పాదంలోని 20 అక్షరాలలో పదోది మొదటి అక్షరంతో మైత్రి పాటించాలి. అంటే పాదం నడిమికి చేరేసరికి చెవి మొదటి అక్షరాన్ని మరోసారి తలుచుకుంటుంది. ఇదీ ఒక నెమరే. జపాను హైకూకు ఉన్నవి 17 మాత్రలే అయినా అంత ఇరుకులోనూ ధారను తెంపే కిరెజి అనే కోతపదానికి చోటిచ్చి, రెండు దృశ్యాలను పక్కపక్కన నిలిపి కవి తప్పుకుంటాడు. కళ్లతో గబగబా చదివి పేజీ తిప్పేసేవారికి ఇవేవీ అందవు. అందుకే నెలకు ఒక్క పద్యమైనా, ఒక చిన్న వచన కవితైనా నోటికి పట్టుకోమని నేను కనబడిన వారినల్లా సతాయిస్తుంటాను. కంఠస్థం అంటే కంఠంలో నిలిచి ఉన్నది. ఆవు మెడలో ముద్ద పైకి వచ్చినట్టే, బస్సు కోసం నిలుచున్నప్పుడో నిద్రపట్టనప్పుడో ఆ పద్యం దానంతట అదే పైకి వస్తుంది. నేర్చుకున్ననాడు అర్థం కాని విశేషణం ఒకటి అప్పుడు రసం వదులుతుంది.

కథ తీరు వేరు, దానికి ఇద్దరు కావాలి. దీపం తీసేసిన గదిలో అమ్మమ్మ కథ చెబుతూ ఉంటే మనవడు ఊ కొడుతున్నాడనుకోండి. రాజుగారు అడవిలో దారి తప్పాడట. ఊ. దూరంగా ఒక దీపం కనిపించిందట. ఊఁ? ఈ రెండో ఊ కొస పైకి లేచిందని ఆమె పసిగడుతుంది, అయినా వెంటనే చెప్పదు. దుప్పటి సర్దుతుంది, ఒకసారి దగ్గుతుంది. ఆపాటి వ్యవధిలోనే పిల్లవాడు ఆ దీపం దాకా నడిచి, తలుపు కొట్టి, లోపల రాక్షసి ఉందో పేదరాశి పెద్దమ్మ ఉందో తేల్చేసుకుని ఉంటాడు.

"నిద్రపోయావా నాన్నా?"

"లేదమ్మమ్మా, చెప్పు. లోపల ఎవరున్నారు?"

"ఎవరుంటే బాగుంటుందిరా?"

ఆ ప్రశ్నకు అతడు జవాబు చెప్పడు, ఆలోచిస్తాడు. ఆ ఆలోచనలోనే ఊ సన్నగిల్లుతుంది, దానికి తగ్గట్టు ఆమె గొంతూ సన్నగిల్లుతుంది. యంత్రంలో నింపి ఉంచిన కథ ఎంత చక్కగా ఉన్నా దానికి ఈ ఊ వినబడదు. ఆ మాటకొస్తే ఇక్కడ మైకు ముందు కూర్చున్న నాకూ మీ ఊ వినబడడం లేదు.

ఈ గది అద్దానికి అవతల కూర్చున్న ఇంజనీరు గారికి నిశ్శబ్దం అంటే గిట్టదు. మాట ఆగితే యంత్రం చెడిందనుకుని శ్రోతలు వేరే స్టేషనుకు వెళ్లిపోతారని ఆయన భయం, అది న్యాయమైన భయమే. అయినా ముందుగానే ఆయనను ఒప్పించి ప్రసంగం చివర పది సెకన్లు అడిగి తీసుకున్నాను. కాబట్టి నమస్కారం ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఇక ఈ పది సెకన్లు మీవి.