పెట్టె మీద టీషర్ట్ బొమ్మ ఉంది, లోపల దానికి తగిన సూది లేదు: నెల రోజులు కుట్టాక నా మాట

నమస్తే అందరికీ. హన్మకొండ నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చాను. టేబుల్ మీద ఉన్న ఈ తెల్ల కుట్టుమెషిన్ కంపెనీ వాళ్ళు నాకు ఉచితంగా పంపించారు. డబ్బులు తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్ళకు చూపించలేదు. పేరు, మోడల్ స్క్రీన్ మీద వేస్తున్నాను. మోటారు ఎన్ని వాట్లు, ఎన్ని రకాల కుట్లు, బరువెంత అనేవి ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, మళ్ళీ చదవను. నేను చేసింది ఒకటే పని. నెల రోజులుగా దీని మీద దాదాపుగా పాత టీషర్టులే కుట్టాను.

టీషర్టులే ఎందుకంటారా? పాత చీరకు మన ఇళ్ళల్లో ఒక దారి ఉంది. బొంత కుట్టుకుంటాం, లేదంటే స్టీలు గిన్నెలకు వేస్తాం. పాత ప్యాంటు సంచి అవుతుంది. టీషర్ట్ మాత్రం నేరుగా బండి తుడిచే గుడ్డ అయిపోతుంది. మా వాడకట్టుకు వచ్చే గిన్నెల ఆమె కూడా మూటలో టీషర్ట్ కనపడితే తీసి పక్కన పెట్టేస్తుంది. "బనీను గుడ్డకు గిన్నె రాదమ్మా" అంటుంది. మా బాపు పరకాల దగ్గర పత్తి వేసేవాడు. పత్తి ఏరే రోజుల్లో ఎండిన కాయ మొనలు గుచ్చుకుని అమ్మ వేళ్ళ చివర్లు ఎట్లా అయ్యేవో నేను దగ్గర నుంచి చూశాను. అందుకే మెడ దగ్గర కాస్త సాగిందని ఒక మెత్తటి నూలు గుడ్డను పారేయడం నాకు మనసొప్పదు. మా ఆయన డబుల్ ఎక్సెల్ టీషర్ట్ ఒక్కదాంట్లో మా ఏడేళ్ళ పాపకు గౌను పైభాగం, చేతులు, మెడ పట్టీ అన్నీ వస్తాయి.

ఇక మెషిన్ సంగతి. పెట్టె చూడండి. ఒక అమ్మాయి నవ్వుతూ టీషర్ట్ కుడుతున్న బొమ్మ ఉంది. కింద, అన్ని రకాల గుడ్డలకూ పనికొస్తుందని రాశారు. లోపల మూడు సూదులు ఇచ్చారు. మూడూ మామూలు 14 నంబరు సూదులు. వాటితోనే కుట్టి చూశాను, ఫలితం మీకు కళ్ళారా చూపించాలని. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఇక్కడ నాలుగు కుట్లు బాగానే పడ్డాయి. ఇక్కడ వదిలేసింది. మళ్ళీ రెండు పడ్డాయి. ఆ తర్వాత వేలెడు పొడుగు దారం ఊరికే గుడ్డ మీద తేలుతోంది. లాగితే మొత్తం ఊడి వస్తుంది.

ఇలా కుట్టు తప్పుతుంటే ఎవరైనా ముందు దారం బిగువు మార్చే టెన్షన్ చక్రమే తిప్పుతారు. నాలుగు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు తిప్పి చూస్తారు. తర్వాత కింది దారం చుట్టి ఉండే బాబిన్ తీసి మళ్ళీ పెడతారు, దారం మళ్ళీ ఎక్కిస్తారు, నూనె వేస్తారు. ఏం చేసినా కుట్టు తప్పుతూనే ఉంటుంది. ఎందుకో చెప్తాను, ఇది ఒక్కసారి అర్థమైతే చాలు. సూది కిందికి దిగి, మళ్ళీ పైకి లేవడం మొదలుపెట్టినప్పుడు, దాని కన్ను పక్కన దారం చిన్న ఉచ్చులాగా ఉబ్బుతుంది. కింద తిరిగే కొక్కెం మొన ఆ ఉచ్చును అందుకుంటేనే కుట్టు పడుతుంది. టీషర్ట్ గుడ్డ సాగేది కదా, సూదిని పట్టుకుని దాంతోపాటు పైకి లేస్తుంది. గుడ్డ లేస్తే ఉచ్చు ఏర్పడదు, కొక్కేనికి దారం అందదు, ఆ కుట్టు తప్పుతుంది. ఇంకో సంగతి, ఇది నేసిన గుడ్డ కాదు, అల్లిన గుడ్డ. స్వెట్టర్ అల్లినట్టే చిన్న చిన్న ఉచ్చుల వరసలుంటాయి. మొన వాడిగా ఉన్న సూది ఆ నూలును కోసేస్తుంది. కుట్టినప్పుడు కనపడదు. నాలుగు ఉతుకులు అయ్యాక కుట్టు వెంబడి సన్న సన్న చిల్లులు తేలుతాయి.

దీనికి కావాల్సింది బాల్ పాయింట్ సూది. కొన్ని ప్యాకెట్ల మీద జెర్సీ సూది అని ఉంటుంది. దాని మొన కాస్త గుండ్రంగా ఉంటుంది, నూలును కోయకుండా పక్కకు జరిపి లోపలికి పోతుంది. పల్చటి టీషర్ట్‌కు 75/11 సైజు సూది, మందపు హుడీలాంటి దానికి 90/14 సైజు. లైక్రా ఎక్కువగా కలిసి బాగా సాగే గుడ్డ అయితే స్ట్రెచ్ అని రాసిన సూది కొనండి. దానికి కన్ను వెనకాల పల్లం లోతుగా ఉంటుంది, కొక్కెం దారానికి ఇంకా దగ్గరగా రాగలుగుతుంది. అదే మెషిన్, అదే దారం, అదే టెన్షన్. సూది ఒక్కటే మార్చాను. ఇప్పుడు చూడండి. ఒక్క కుట్టు కూడా తప్పలేదు. దారం కూడా పాలిస్టర్‌ది వాడండి, సన్న నూలు దారం సాగితే తెగుతుంది.

ఈ సూది మీద ఇంతసేపు మాట్లాడటానికి నాకు కారణం ఉంది. మా చెల్లె పెళ్ళయ్యాక కరీంనగర్‌లో ఉంటుంది. తనూ ఒక మెషిన్ కొనుక్కుంది, వేరే కంపెనీది. దాంట్లోనూ మామూలు సూదులే. పిల్లాడికి నిక్కర్లు కుడదామని బావ పాత టీషర్టులు ముందేసుకుంది. మూడు రోజులు కూర్చుంది, కుట్టు తప్పుతూనే ఉంది. ఇంట్లోవాళ్ళు ఏమీ అనకపోయినా తనకు తానే "నాకు చేతకాదులే అక్కా" అనుకుని మెషిన్ సజ్జ మీద పెట్టేసింది. రెండేళ్ళు అది సజ్జ మీదే ఉంది. నేను వెళ్ళినప్పుడు దింపించి, సూది మార్చి కూర్చోబెట్టాను. ఆ రోజే నిక్కర్ పూర్తి చేసింది. రెండేళ్ళపాటు నా చెల్లె తన చేతుల్లో పనితనం లేదనుకుంది. నాకు ఈ విషయంలో కోపం రావడం సహజమే కదా.

సరే, ఈ మెషిన్‌లో నాకు బాగా నచ్చినది చూపిస్తాను. మూడు కుట్ల జిగ్‌జాగ్. మామూలు జిగ్‌జాగ్‌లో అటొక కుట్టు, ఇటొక కుట్టు పడుతుంది. దీంట్లో అటు మూడు చిన్న కుట్లు, ఇటు మూడు చిన్న కుట్లు. సాగదీయండి, చూడండి, దారం గుడ్డతోపాటే సాగుతోంది. ఇలాస్టిక్ కుట్టడానికి ఇంతకంటే మంచి కుట్టు నేను వాడలేదు. గుడ్డ కింద ముడుచుకోదు, సొరంగంలా లేవదు. నెలలో ఆరు నిక్కర్లు కుట్టాను, నడుము దగ్గర ఒక్కటి కూడా తెగలేదు.

నేను కుట్టు నేర్చుకుంది అమ్మ నల్ల మెషిన్ మీద. కాళ్ళతో తొక్కేది, ఉషా వాళ్ళది. ఇప్పటికీ రవికెలకు దాని మీదే కూర్చుంటాను, ఆ నేరు కుట్టు అందం దేనికీ రాదు. కరెంటు పోయినా ఆగదు. కానీ అది నేరు కుట్టు ఒక్కటే వేస్తుంది. నా మొదటి టీషర్ట్ దాని మీదే కుట్టాను. వేసుకునేటప్పుడు తల దూరుస్తుంటే మెడ దగ్గర పటపటమని దారం తెగింది. గుడ్డ సాగింది, దారం సాగలేదు. మీ ఇంట్లో నల్ల మెషిన్ ఒక్కటే ఉంటే, భుజాలు దాని మీద కుట్టి, పక్కలూ చేతులూ పీకో ఫాల్ వేసే షాపులో ఓవర్‌లాక్, అంటే అంచును దారంతో చుట్టేసే సాగే కుట్టు, వేయించుకోండి. హన్మకొండ చౌరస్తా వైపు అలాంటి షాపులు చాలా ఉన్నాయి.

ఈ తెల్లదానిలో నాకు లోటు అనిపించింది పాదం ఒత్తిడి. గుడ్డను అదిమి పట్టే పాదం ఎంత గట్టిగా నొక్కాలో తగ్గించుకునే మర ఇందులో లేదు. ఒత్తిడి ఎక్కువైతే పై పొర ముందుకు సాగి, కుట్టు అలలు అలలుగా వస్తుంది. నేను కింద సన్నటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేస్తున్నాను. గుడ్డను చేత్తో అస్సలు లాగకండి, దారి చూపించండి చాలు. అయినా అలలు వస్తే లోపలి వైపు తిప్పి ఆవిరి ఇస్త్రీ చేయండి, చాలావరకు సర్దుకుంటుంది. బొమ్మ ఉన్న వైపు ఇస్త్రీ పెట్టకండి, ప్రింట్ కరిగి ఇస్త్రీ పెట్టెకు అంటుకుంటుంది.

చేతులు కుట్టడానికి కింది పలక తీసేస్తే సన్నటి భుజం మిగులుతుంది, చేయి గొట్టాన్ని దానికి తొడిగి గుండ్రంగా కుట్టొచ్చు. పాప బట్టలకు బాగుంది. దీపం వెలుగు సరిపోతుంది. చప్పుడు తక్కువ, పక్కగదిలో పాప నిద్రలేవలేదు.

ఇదిగో, ఈ నెలలో కుట్టినవాటిలో నాకు బాగా ఇష్టమైనది, పాప గౌను. పైభాగం మా ఆయన కాలేజీ రోజుల నీలం టీషర్ట్, కింద అమ్మ పాత నూలు చీర కుచ్చులు. పాపకు సరిపోయే టీషర్ట్ ఒకటి మడిచి ఆ నీలం టీషర్ట్ మీద పరిచి, చుట్టూ ఒక సెంటీమీటర్ వదిలి కత్తిరించాను. గుడ్డ ఎక్కువ సాగే దిక్కు ఒంటి చుట్టూ వచ్చేట్టు పెట్టాలి, పొడుగున పెడితే వేసుకోవడం కష్టం. చేతుల అంచులు మాత్రం ఫ్యాక్టరీవే ఉంచేశాను. అంత నున్నటి అంచు ఇంట్లో రావడం కష్టం, ఉన్నదాన్ని ఎందుకు కోసుకోవాలి? చీర గుడ్డ నడుము కొలతకు రెండింతలు తీసుకుని కుచ్చులు పెట్టాను. మెడ పట్టీ మెడ చుట్టుకొలతలో ఇంచుమించు 85 శాతం తీసుకుని, సాగదీస్తూ కుట్టాను. ఒంటికి అంటి కూర్చుంది, చూడండి. మిగిలిన పీలికలను లాగితే తాడులా చుట్టుకుంటాయి. డాబా మీద చిక్కుడు తీగకు కట్టాను, మెత్తగా ఉంటాయి కాబట్టి కాడను కోయవు.

ఇప్పుడు కొనాలా వద్దా అంటే, నా మాట ఇది. ఇంట్లో ఇప్పటికే జిగ్‌జాగ్ వేసే మెషిన్ ఉంటే ఇది వద్దు. ఒక జెర్సీ సూదుల ప్యాకెట్ కొనుక్కోండి, మీ పని అయిపోతుంది. నల్ల మెషిన్ మాత్రమే ఉండి, కుట్టు మీద చేయి తిరిగినవాళ్ళయితే ధైర్యంగా తీసుకోండి, ఆ మూడు కుట్ల జిగ్‌జాగ్ కోసమైనా తీసుకోవచ్చు. కానీ మొదటిసారి మెషిన్ ముందు కూర్చునే వాళ్ళకు, ఈ పెట్టె ఇప్పుడున్నట్టుగా ఉంటే, నేను కొనమని చెప్పను. మెషిన్ మంచిదే, నేను వాడుకుంటాను కూడా. టీషర్ట్ బొమ్మ వేసి అమ్ముతూ, టీషర్ట్ కుట్టే సూది ఒక్కటి లోపల పెట్టకపోవడం నేను ఒప్పుకోలేను. కంపెనీకి ఇదే మాట రాసి పంపాను. వాళ్ళు సూది పెట్టిన రోజు నేనే ఇంకో వీడియో చేసి, అందరూ కొనమని చెప్తాను.

వచ్చే వారం మెడ పట్టీ ఒక్కటే, మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా చూపిస్తాను. మీ దగ్గర ఒక పాత టీషర్ట్, మెడ సాగిపోయింది అయినా పర్వాలేదు, పక్కన పెట్టుకుని ఉండండి. సూది 75/11, మర్చిపోకండి. ఉంటాను మరి.