కనిపించని ఖాళీ సీటు

శ్రోతలకు నమస్కారం. బస్సు టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మే రెడ్‌బస్ ఎలా పుట్టిందో ఇవాళ చెప్పుకుందాం.

ఇరవై ఏళ్ల కిందట బెంగళూరులో ఉద్యోగం చేసిన తెలుగువాళ్లకు, ప్రైవేటు బస్సులెక్కే మడివాలా ప్రాంతం పండగ ముందు ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. భుజాన బ్యాగు, చేతిలో ఇంటికి కొన్న మైసూర్‌పాక్ డబ్బా. ట్రావెల్స్ ఏజెంటు ఫోనెత్తి "అన్నా, హైదరాబాద్‌కి ఒకటుందా?" అని అడిగేవాడు. అవతల ఆపరేటరు ఆఫీసులో ఒకాయన కాగితం చార్టు మీద పెన్నుతో గళ్లు నింపుతూ ఉండేవాడు. లేదంటే పక్క షాపుకి పరుగు. నేనూ అలా తిరిగి తిరిగి ఆ డబ్బాతోనే రూముకొచ్చేసిన రాత్రులున్నాయి. ఏదో ఒక బస్సులో సీటు ఖాళీగానే వెళ్లిపోయి ఉంటుంది. ఆ సంగతి మనకు తెలిసే దారే లేదు.

2005 దీపావళికి ఫణీంద్ర సామాకు ఎదురైందీ ఇదే. నిజామాబాద్ కుర్రాడు, బిట్స్ పిలానీలో చదివి బెంగళూరులోనే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజినీరుగా చేస్తున్నాడు. పండగ పోయింది. ఆ తర్వాత ఏజెంట్ల దగ్గరికే మళ్లీ వెళ్లి, ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో అడిగి తెలుసుకున్నాడు. కాలేజీ మిత్రులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరిలతో కలిసి 2006 ఆగస్టులో రెడ్‌బస్ మొదలుపెట్టాడు. చేతిలో ఉన్నది 5 లక్షలు.

ముందు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. ఫోనూ పెన్నూ చాలనుకునే వాళ్లు దాన్ని తీసుకోలేదు. నాకైతే ఆయన కథలో అసలు ఘట్టం ఇదే. అంత కష్టపడి రాసింది పక్కన పెట్టి, "కొన్ని సీట్లివ్వండి, మేం అమ్మిపెడతాం" అంటూ వెళ్లారు. మొదటి టికెట్ కొన్నది తిరుపతి వెళ్లే ఒక ఐటీ ఉద్యోగిని. ఆమె బస్సెక్కి, ఆ సీటు నిజంగా ఆమెకే దక్కేదాకా వీళ్లకు టెన్షనే. చార్టు మీద ఇంకెవరి పేరైనా రాసేసి ఉంటే?

అలా టికెట్లు అమ్మి చూపించాకే ఆపరేటర్లకు నమ్మకం కుదిరింది. తర్వాత బాస్ అనే రెడ్‌బస్ సాఫ్ట్‌వేర్ వాళ్ల ఆఫీసుల్లోకీ వెళ్లింది. కాగితం చార్టు తెర మీదికొచ్చింది.

2013లో ఐబిబో గ్రూప్ అనే ఆన్‌లైన్ ట్రావెల్ సంస్థ రెడ్‌బస్‌ను కొనేసింది. అందరూ ఆ కోట్ల లెక్కే చెప్పుకుంటారు. ఆ తర్వాత ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వంలో చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసరుగా పనిచేశారు. ఊళ్లలో సొంతంగా పరికరాలు తయారుచేసుకునే వాళ్లను వెలుగులోకి తెచ్చే ఇంటింటా ఇన్నోవేటర్ కార్యక్రమం అప్పుడు వచ్చిందే. నాకు అది ఇంకా ఇష్టం.

మొన్న శుక్రవారం మడివాలాలో ఒకమ్మాయి వాళ్లమ్మకు ఫోన్లో చెబుతోంది: "కిటికీ సీటేనమ్మా. పక్కన కూడా లేడీసే, చూసే బుక్ చేశా."