పనిచేయని బటన్

శ్రోతలందరికీ నమస్కారం.

మా అమ్మ సూదిలోకి దారం ఎక్కించడం ఇప్పటికీ నా కళ్ల ముందు కనిపిస్తుంది. అప్పటికే ఆమెకు చూపు మందగించింది. దారం కొస తడిపేది. రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపేది. సూదిని వెలుతురుకేసి ఎత్తి పట్టుకునేది. దారం పక్కకు పోయేది. మళ్లీ తడిపేది, మళ్లీ నలిపేది, మళ్లీ ఎత్తేది. అంతసేపూ ఆ దారంతో మాట్లాడేది. "ఏదీ, ఇటు రా... అటెక్కడికి పోతున్నావ్... కొస చీలినట్టుంది, కాస్త కత్తిరిద్దాం." నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. "ఇలా ఇవ్వమ్మా, నేనెక్కిస్తా" అంటే ఇచ్చేది కాదు. "ఉండవే, వస్తుంది" అనేది.

ఆ దారం సంగతి కాసేపు అలా ఉంచుదాం. మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ఒకే పరీక్ష, ఒకేలా తప్పుతారు ఇద్దరు. ఒకరు పుస్తకం మూసేస్తారు, ఇంకొకరు మళ్లీ తెరుస్తారు. ఒకే వ్యాపారంలో ఒకేలా నష్టపోతారు ఇద్దరు. ఒకరు తలుపులు వేసుకుంటారు, ఇంకొకరు మర్నాడు పొద్దున్నే బయల్దేరతారు. ఎందుకిలా? మన భాషలోనే దీనికి రెండు జవాబులున్నాయి. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అంటాం. "మొక్కై వంగనిది మానై వంగునా" అనీ అంటాం. మొదటిది పుట్టుకే అంతా అంటోంది. రెండోది పెంపకంలోనే ఉంది అంటోంది. రెండు సామెతలూ పెద్దల నోట విన్నవే, రెండింటినీ నమ్మాం.

పుట్టుక మాట ముందు చెప్పేస్తాను. 2016లో బ్రిటన్‌లో రెండు వేలకు పైగా కవల జంటల మీద ఒక అధ్యయనం వచ్చింది. అందరూ 16 ఏళ్ల వాళ్లు. కష్టమొచ్చినా పని వదలని గుణంలో మనిషికీ మనిషికీ ఎంత తేడా ఉందో చూశారు. ఆ తేడాల్లో సుమారు 37 శాతం జన్యువుల వల్ల అని తేలింది. నా పట్టుదలలో 37 శాతం మా అమ్మానాన్నల నుంచి వచ్చిందని దీనర్థం కాదు. పదిమందిని పక్కపక్కన నిలబెడితే వాళ్ల మధ్య కనిపించే తేడాల గురించి చెప్పే లెక్క ఇది. ఆ అధ్యయనంలోనే ఇంకో మాట ఉంది. ఒకే ఇంట్లో పెరగడం వల్ల ఇద్దరు పిల్లలు ఈ గుణంలో ఒకేలా తయారవడం దాదాపు కనిపించలేదు. తొలిసారి చదివినప్పుడు నాకు మనసుకు కష్టంగా అనిపించింది. మరి మనం పెంచేదంతా దేనికి అనిపించింది. తర్వాత ఆలోచిస్తే తోచింది. ఒకే ఇల్లు అన్నంత మాత్రాన ఇద్దరికీ ఒకే అనుభవం కాదు కదా. పెద్దదానికి "నువ్వే చేసుకో" అంటాం, చిన్నవాడికి "ఉండు నాన్నా, నేను చేస్తా" అంటాం. గోడలు ఒకటే. ఆ గోడల మధ్య ఇద్దరూ చూసింది వేరు.

ఇక నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఒకటి చెబుతాను. నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో ప్రతి చిన్న విషయమూ ముఖ్యమే.

అమెరికాలో ఎంఐటీ అనే సంస్థలో జూలియా లెనర్డ్, లారా షుల్జ్ అనే పరిశోధకులు, తమ బృందంతో కలిసి చేశారు దీన్ని. 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. వాళ్లు పిలిచింది పెద్దవాళ్లను కాదు, బడి పిల్లలను కూడా కాదు. 13 నెలల నుంచి 18 నెలల వయసున్న పసివాళ్లను. ఇంకా మాటలు సరిగా రాని వాళ్లను.

పాప ఎదురుగా ఒకావిడ కూర్చుంటుంది. ఆమె చేతిలో ఒక డబ్బా ఉంటుంది, అందులో కప్ప బొమ్మ. ఆమె ఆ బొమ్మను బయటికి తీయాలి. కొంతమంది పిల్లల ముందు తంటాలు పడుతూ తీస్తుంది. ఇటు తిప్పుతుంది, అటు తిప్పుతుంది. పైకే అనుకుంటుంది, దీన్నెలా తీయాలబ్బా, ఇలా వస్తుందా, ఊహూ రాలేదు, ఇలా చూద్దాం అని. అర నిమిషం అవస్థపడ్డాక బొమ్మ బయటికి వస్తుంది. తర్వాత కొక్కేనికి తగిలించిన ఒక కీచైన్. దాన్నీ అలాగే తంటాలు పడి ఊడదీస్తుంది. ఇంకొంతమంది పిల్లల ముందు అదే ఆవిడ అవే వస్తువులను చిటికెలో తీసేస్తుంది. తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి చూపిస్తుంది. ఇద్దరూ చూసింది అంతేసేపు. ఇద్దరూ చూసింది గెలుపే. ఒకరు కష్టపడి వచ్చిన గెలుపు చూశారు, ఒకరు అలవోకగా వచ్చిన గెలుపు చూశారు. తేడా అంతే.

ఇప్పుడు పాప చేతికి ఒక కొత్త బొమ్మ ఇస్తారు. పాట వినిపించే బొమ్మ. పైన పెద్ద బటన్ ఉంటుంది. ఆవిడ దాన్ని పాడించి చూపిస్తుంది. పాడింది నిజానికి ఆ పెద్ద బటన్ వల్ల కాదు, కనిపించకుండా ఉన్న ఇంకో బటన్ వల్ల. పెద్ద బటన్ అసలు పనిచేయదు. ఆ సంగతి పాపకు తెలియదు. బొమ్మ ఇచ్చేసి ఆవిడ పక్కకు వెళ్లిపోతుంది.

పాప నొక్కుతుంది. పాట రాదు. మళ్లీ నొక్కుతుంది. రాదు.

పెద్దావిడ తంటాలు పడటం చూసిన పిల్లలు, చిటికెలో తీయడం చూసిన పిల్లలకంటే దాదాపు రెట్టింపు సార్లు నొక్కారు. సాయం కోసం అమ్మ వైపో నాన్న వైపో తిరిగేలోపు, లేదా బొమ్మను విసిరేసేలోపు, దాదాపు రెట్టింపు సార్లు నొక్కి చూశారు. బొమ్మతో ఆడిన సమయంలో మాత్రం రెండు గుంపులకూ తేడా లేదు. తేడా అంతా ప్రయత్నంలోనే. అది కాకతాళీయమేమోనని ఇంకో పిల్లల గుంపుతో మళ్లీ చేశారు. మళ్లీ అదే వచ్చింది. ఆవిడ పాప కళ్లలోకి చూస్తూ, పేరు పెట్టి పిలుస్తూ చేసినప్పుడు ఇంకా బాగా కనిపించింది.

తొందరగా వదిలేసిన పిల్లలను బలహీనులు అనకండి, దయచేసి. వాళ్లు చూసిన లోకంలో బొమ్మలు చిటికెలో లొంగుతాయి. కాబట్టి రెండుసార్లు నొక్కినా రాలేదంటే, ఇది నా వల్ల అయ్యేది కాదు అనుకున్నారు. వాళ్లు చూసినదాన్ని బట్టి అది సరైన లెక్కే. తంటాలు చూసిన పిల్లల లోకంలో మొదట రానివి తర్వాత వస్తాయి. వాళ్ల లెక్క వాళ్లది. ఏడాదిన్నర కూడా నిండని పిల్లలు, ఎంతసేపు ప్రయత్నిస్తే ఫలితం ఉంటుందో మనల్ని చూసి లెక్క వేసుకుంటున్నారు.

అది చదివిన రోజు నాకు అమ్మ దారంతో మాట్లాడటం గుర్తొచ్చింది. అంతవరకూ అది ఆమె అలవాటు అనుకున్నాను. ఆ మాటల్లో నాకు ఏం అందిందో అప్పుడు తెలిసింది. రాలేదు, ఎందుకు రాలేదు, ఇప్పుడేం చేయాలి. ఈ మూడూ నేను పక్కన కూర్చుని విన్నాను.

ఇంకో పరిశోధన ఉంది, చెప్పాలంటే కాస్త బాధగానే ఉంటుంది. 1967లో సెలిగ్‌మన్, మేయర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్కల మీద చేశారు. కొన్నిటికి కరెంటు షాక్ ఇచ్చారు, తలతో ఒక పలకను నొక్కితే ఆగిపోతుంది. మరికొన్నిటికీ అంతే షాక్, అంతేసేపు, కానీ ఏం చేసినా ఆగదు. తర్వాత రెండు గుంపులనూ ఒక పెట్టెలో పెట్టారు. చిన్న అడ్డు దూకితే చాలు, తప్పించుకోవచ్చు. మొదటి గుంపు దూకింది. రెండో గుంపులో ఎక్కువ కుక్కలు అక్కడే పడుకుండిపోయాయి. దూకడం రాక కాదు. ఏం చేసినా ఒకటే అని తేల్చుకుని. నిస్సహాయత అనేది నేర్చుకునేదని అప్పుడు అన్నారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, అదే ఇద్దరూ తమ మాటను తామే సరిదిద్దుకున్నారు. ఎలుకల మెదళ్ల మీద ఏళ్ల తరబడి జరిగిన పరిశోధన చూశాక, మేం తిరగేసి చెప్పాం అన్నారు. బాధ చాలాసేపు వదలకపోతే చతికిలబడటం దానంతట అదే వస్తుంది, దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్చుకోవాల్సింది వేరే ఉంది. నేను చేస్తే మారుతుంది అన్నది. ఆ సంగతిని గమనించే భాగం మెదడులో ముందు వైపు ఉంటుంది. అది ఒకసారి గమనించాక, చతికిలబడే స్పందనను అణచిపెడుతుంది. ఆ తొలి రోజుల ప్రయోగాల్లోనే దీని జాడ ఉంది. ముందే ఒకసారి తప్పించుకోవడం నేర్చిన కుక్కలు, తర్వాత ఆగని షాక్ తగిలినా చతికిలబడలేదు. పడిపోయినవాటిని కూడా మళ్లీ లేపగలిగారు. మెడకు తాడు కట్టి, అడ్డు దాటించి, అవతలికి లాగి. ఒకసారి కాదు, చాలాసార్లు. చివరికి తాడు అక్కర్లేకుండా అవే దూకాయి. "లే, దూకు" అని మాటలతో చెబితే సరిపోదు. దాటితే ఆగుతుందని వాటి ఒంటికి తెలియాలి.

అందుకే నాకు ఉపన్యాసాల మీద నమ్మకం తగ్గింది. "పట్టుదల ఉండాలమ్మా" అని పిల్లలకు చెబుతూ, మన కష్టాన్ని మాత్రం వాళ్లకు కనబడనివ్వం. బిల్లుల లెక్క కుదరకపోతే వాళ్లు పడుకున్నాక కూర్చుంటాం. ఉద్యోగం రాకపోతే తలుపు వేసి మాట్లాడుకుంటాం. వాళ్లు చూసేది పూర్తయిన పని. చిటికెలో బొమ్మ తీసే ఆవిడలాగే కనిపిస్తాం వాళ్లకు. పెద్ద కష్టాలన్నీ పిల్లల నెత్తిన వేయమనడం లేదు నేను. మూత బిగుసుకుపోయిన సీసా, తెరుచుకోని తాళం, అంకెలు కుదరని చిన్న లెక్క చాలు. వాళ్లు పక్కనుండగా చేయండి, పైకి మాట్లాడుతూ చేయండి.

ఇక ఒకే ఒక్క పని చెబుతాను, ఈ సాయంత్రమే చేయగలిగింది. పిల్లల చేతిలోంచి లాక్కోకండి. నాలుగైదేళ్ల పిల్లలతో చేసిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. కష్టమైన పజిల్‌ను పెద్దవాళ్లు తీసుకుని పూర్తిచేసి ఇస్తే, ఆ పిల్లలు తర్వాతి పనిని తొందరగా వదిలేశారు. మంచి మనసుతోనే తీసుకుంటాం. టైమైపోతుందని టెన్షన్. నేనూ అంతే. మా మనవడికి ఐదేళ్లు. బూటు లేసు కట్టుకోవడానికి తిప్పలు పడుతుంటే నా చేతులు వాటంతట అవే ముందుకు వెళ్లిపోయేవి. ఈమధ్య ఒక నియమం పెట్టుకున్నాను. చేతులు వెనక్కి కట్టుకుని మనసులో ముప్పై లెక్కపెడతాను. కప్ప బొమ్మ ప్రయోగంలో ఆవిడ పాప ముందు తంటాలు పడింది కూడా ఒక్కో వస్తువుతో ముప్పై సెకన్లే కదా.

నిన్న ఇరవై రెండు దగ్గర ముడి పడింది. వదులు ముడి. నాలుగడుగులు వేశాడో లేదో ఊడిపోయింది. నా వైపు చూశాడు. నేను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. వాడు కింద కూర్చుని, లేసు చేతిలోకి తీసుకుని, దానితో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.

నమస్కారం.