సిటీ సైకిల్‌కి మార్కులు ఎలా వెయ్యాలి

అందరికీ నమస్కారం. షెడ్డులో మీరు వరసగా నిలబెట్టిన సైకిళ్లని వస్తూ వస్తూ ఒక చూపు చూశాను, ఇంకా ముట్టుకోలేదు. ముందు మాట్లాడమన్నారు కాబట్టి, మార్కులు వేసేటప్పుడు నేనేం చూస్తానో, ఎందుకు చూస్తానో చెప్పేస్తాను. తర్వాత మీరు ఎంతైనా వాదించండి.

మీకిచ్చిన ప్రాజెక్టు హైదరాబాద్‌లో రోజూ పనికి వెళ్లొచ్చే మనిషి సైకిల్. ఊరి చుట్టూ తిరిగే ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో తెరిచారు కదా, బాగుంటుంది, నేనూ వెళ్తాను. కానీ అక్కడ తొక్కే సైకిల్ వేరు. అక్కడ ఆటో అడ్డం రాదు, మ్యాన్‌హోల్ మూత రోడ్డుకంటే ఎత్తులో ఉండదు, ఇస్త్రీ చొక్కాతో ఎవరూ రారు. మీ సైకిల్‌కి ఇవన్నీ తప్పవు.

షాపులో గేర్ల సైకిల్ బేరమాడి చూడండి. 21 గేర్లు, ముందు సస్పెన్షన్, డిస్క్ బ్రేకు, ఇవన్నీ ధరలోనే వచ్చేస్తాయి. మడ్‌గార్డు, స్టాండు, లైటు, కారియర్, బెల్లు, తాళం మాత్రం విడిగా బిల్లు వేస్తారు. నా లెక్కలో ఇది పూర్తిగా తలకిందులు. విడిగా బిల్లు వేసే సామానే సిటీ సైకిల్. మిగతా మూడూ కావాలంటే తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఈ విషయం మన పాత నల్ల సైకిల్‌కి బాగా తెలుసు. అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో మొదలయ్యాయి. ఇంగ్లీషువాళ్ల రోడ్‌స్టర్ నమూనాలో వచ్చిన ఆ సైకిళ్ల మీదే మన పోస్ట్‌మన్లు, పాలవాళ్లు, బడిపంతుళ్లు బతికారు. చైన్‌ని మొత్తం మూసేసే కేసు, రెండు చక్రాలకీ నిండు మడ్‌గార్డు, బస్తా వేసినా వంగని కారియర్, సైకిల్‌ని నిటారుగా నిలబెట్టే డబుల్ స్టాండు, వెనక చక్రానికి అంటుకునే ఉండే తాళం. పంచె కట్టినవాడు కూడా నూనె మరక లేకుండా ఆఫీసులో దిగేవాడు. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఎవరు చూసుకున్నారో ఆ ముహూర్తం!

అయితే నల్ల సైకిల్‌కి గుడి కట్టమని నేననను. ఇరవై కిలోల పైమాటే బరువు. ఒకటే గేరు. బ్రేకులు మరీ ఘోరం. క్రోమియం పూసిన ఇనప రిమ్ము వానలో తడిస్తే రబ్బరు జారిపోతుంది. బ్రేకు నొక్కాక చక్రం కొన్ని చుట్లు తిరిగి, నీళ్లు తుడుచుకుపోయాక గానీ పట్టు దొరకదు. అల్యూమినియం రిమ్ము పెట్టి రిమ్ముని రెండు పక్కలా నొక్కే మామూలు వి-బ్రేకు బిగిస్తే సగం గండం గడిచినట్టే. డిస్క్ బ్రేకు వానలో బాగా పట్టే మాట నిజమే. కానీ కిక్కిరిసిన పార్కింగ్‌లో పక్క సైకిల్ పెడల్ తగిలి, చక్రం మధ్యలో బ్రేకు పట్టే ఆ డిస్కు రేకు కాస్త వంగిందంటే చాలు, ఇల్లు చేరేదాకా 'కిచ్ కిచ్' అంటూనే ఉంటుంది.

ఇప్పుడు గేర్ల దగ్గర కాస్త ఆగుదాం. ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే.

21 గేర్లంటే ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. మామూలుగా వచ్చే సెట్టే తీసుకోండి. ముందు 42, 34, 24 పళ్లు. వెనక 14, 16, 18, 20, 22, 24, 28. ముందు 42, వెనక 28 వేస్తే నిష్పత్తి ఒకటిన్నర, అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఒకటిన్నర చుట్లు. ముందు 24కి దించి వెనక 16 వేసినా అదే ఒకటిన్నర. 42కి 24, 34కి 20, 24కి 14, ఈ మూడు జతలూ 1.7 దరిదాపుల్లోనే తిరుగుతాయి. డబ్బులిచ్చింది 21కి, కాళ్లకి తెలిసేవి అందులో సగమో, కాస్త ఎక్కువో. పైగా ఈ పద్ధతిలో పెడల్ తిరుగుతుంటేనే గేరు మారుతుంది. అమీర్‌పేటలో ఎదుటి బస్సు ఉన్నపళంగా ఆగిందనుకోండి, మీరు పెద్ద గేరులోనే ఆగిపోతారు. పచ్చలైటు పడ్డాక ఆ పెద్ద గేరుతోనే కదలాలి. వెనకాల హారన్లు సరేసరి.

హబ్బు, అంటే చక్రం నడిమి డబ్బా, దాని లోపలే గేర్లుండే పద్ధతి ఒకటుంది. ఇంగ్లండులో స్టర్మీ-ఆర్చర్ వాళ్లు 1900ల తొలి ఏళ్లలోనే మూడు గేర్ల హబ్బు తెచ్చారు. సిగ్నల్ దగ్గర ఊరికే నిలబడి గేరు మార్చుకోవచ్చు. చైన్ పక్కలకి జరగదు కాబట్టి కేసులో పూర్తిగా దాచేయొచ్చు, వానా దుమ్మూ తగలవు. ఆమ్‌స్టర్‌డామ్ లాంటి బల్లపరుపు ఊరికి మూడు గేర్లు ధారాళంగా చాలు. మనకి పాతబస్తీలో చాలు గానీ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ఎక్కేటప్పుడు చాలవు. జపాన్ కంపెనీ షిమానో చేసే నెక్సస్ మూడు గేర్ల హబ్బులో పెద్ద గేరు చిన్నదానికి 1.86 రెట్లు. ఏడు గేర్ల హబ్బులో 2.44 రెట్లు. నా ఓటు ఆ ఏడుకి.

ఇక్కడే మీలో ఒకరు లేచి అడగాలి: మరి పంక్చరైతే? వెనక చక్రం ఊడదీయాలంటే గేరు కేబుల్ తప్పించాలి, చైన్ కేసు విప్పాలి, నట్లు వదులు చెయ్యాలి. సందు చివర పంక్చర్ షాపులో హబ్బు గేరు చూసి ఉండరు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ షాపులో ఏం చేస్తారో దగ్గర నుంచి చూశారా? చక్రం ఊడదీయనే ఊడదీయరు. సైకిల్ స్టాండు వేసి, టైరు ఒక పక్క అంచు లేపి, ట్యూబు బయటికి లాగి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలొచ్చే చోట ప్యాచ్ వేసి మళ్లీ లోపలికి తోసేస్తారు. చైన్ లేని ఎడమ పక్క చెయ్యి పట్టే ఖాళీ ఉంటే చాలు. కాబట్టి మీ బొమ్మల్లో ఎడమ పక్కన బ్రాకెట్లూ గిలకలూ పెట్టకండి. చక్రం ఊడదీసే పని టైరు అరిగినప్పుడే పడుతుంది, దానికి తీరిగ్గా వెళ్లొచ్చు. వాల్వు కూడా అక్కడి పంపుకి పట్టేదే కావాలి. సన్నటి ప్రెస్టా వాల్వు పెట్టి, అడాప్టర్ జేబులో పెట్టుకుని తిరగమంటే నేను ఒప్పుకోను.

సస్పెన్షన్ మాట క్లుప్తంగా: వద్దు. 40 మిల్లీమీటర్ల టైరులో గాలి మరీ బిగించకుండా ఉంచితే స్పీడ్‌బ్రేకర్లకి అది చాలు. చవక సస్పెన్షన్ ఇచ్చేది బరువే.

ఫ్రేము గురించి మాత్రం గట్టిగా చెప్తాను. నడిమి రాడ్డు తీసేయండి, మగవాళ్ల సైకిల్‌కి కూడా. వెనక పిల్లాడు కూర్చుని ఉన్నా, కారియర్ మీద పాతిక కిలోల బియ్యం బస్తా ఉన్నా, వెనక నుంచి కాలు తిప్పి ఎక్కడం ఎవరివల్లా కాదు. చీర కట్టుకున్న మనిషికి ఎటూ కాదు. రాడ్డు తీస్తే ఫ్రేము ఊగుతుంది, నిజం. కింది గొట్టం లావు పెంచండి, కీళ్ల దగ్గర బలం చెయ్యండి. ఆ లెక్క కట్టడానికేగా ఇక్కడ చదువుతున్నారు!

లైటుకి చక్రం హబ్బులోనే కరెంటు పుట్టించే హబ్బు డైనమో మంచిది, 6 వోల్టులు, 3 వాట్లు. ఆగినప్పుడు కూడా కాసేపు వెలిగేలా కెపాసిటర్ ఉండాలి. టైరుకి రాసుకునే సీసా డైనమో వానలో జారుతుంది. పెడల్ రిఫ్లెక్టర్లకి పెద్ద ఖర్చుండదు గానీ, పైకీ కిందకీ కదులుతాయి కాబట్టి వెనక వచ్చే డ్రైవరుకి అదొక సైకిలని దూరం నుంచే తెలిసిపోతుంది.

మోటారు పెట్టిన టీములు రెండున్నాయని విన్నాను. 250 వాట్ల లోపు, గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పెట్టుకోండి. కానీ బ్యాటరీ అయిపోయాక తొక్కి చూపించాలి.

ఇక షెడ్డుకి పదండి. ఒక బకెట్ నీళ్లు, ఒక స్పానరు, ఒక బస్తా ఇసక పెట్టించాను. ఒక్కో టీమూ ముందు రిమ్ములు తడిపి బ్రేకు చూపించండి, తర్వాత బస్తా కారియర్ మీద వేసుకుని ఎక్కి దిగండి. తెల్ల ప్యాంటు వేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీరు మొదట రండి.