మందుల షాపు నుంచి మేయర్ కుర్చీ దాకా: కర్నూలులో ఎలా?

[తెరపై: రాత్రి వీధి, సగం దించిన షట్టర్, లోపల వెలుగుతున్న ట్యూబ్‌లైటు]

రాత్రి పదిన్నర. షట్టర్ దించుతుంటే ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, పిల్లోడికి సాయంత్రం నుంచి ఒకటే మోషన్లు. ఏమన్నా ఇవ్వన్నా!" కర్నూలు పాతబస్తీలో మెడికల్ షాపు నడిపేవాళ్లకు ఇలాంటి రాత్రులు కొత్త కాదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చి, మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపమంటారు. తగ్గకపోతే పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంటారు. యాంటిబయాటిక్ అడిగితే మాత్రం డాక్టర్ చీటీ కావాలంటారు. అలా అనేవాళ్లంటే నాకు గౌరవం.

తెల్లారి అదే వీధి నుంచి ఇంకో నలుగురు వస్తే? ఆ వీధి నీళ్లలో ఏదో కలుస్తోంది. ఆ అనుమానం ఊళ్లో అందరికంటే ముందు వచ్చేది కౌంటర్ వెనక నిలబడ్డ మనిషికే. ఆ మనిషే మేయర్ అయితే ఏమవుతుందో ఈరోజు చూద్దాం.

ముందు ఆయన వృత్తి. డీఫార్మసీ గానీ బీఫార్మసీ గానీ చదివి, ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం చీటీ చూసి మందు ఇచ్చే అధికారం అలా నమోదైన ఫార్మసిస్టుదే. 2014 నుంచి హెచ్1 జాబితాలోని మందులకు, అంటే కొన్ని యాంటిబయాటిక్‌ల లాంటి, ప్రత్యేకంగా అదుపు చేసే మందులకు, విడిగా రిజిస్టర్ ఉంది. డాక్టర్ ఎవరు, రోగి ఎవరు, ఏ మందు, ఎంత ఇచ్చారు, అన్నీ రాసి మూడేళ్లు దాచాలి. రాసిపెట్టే ఈ అలవాటు తర్వాత పనికొస్తుంది.

ఇక ఎన్నిక. మేయర్‌కు మనం నేరుగా ఓటు వేయం. 2021 మార్చిలో కర్నూలులో 52 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి. అలా డివిజన్‌కొకరు చొప్పున గెలిచిన కార్పొరేటర్లు, ఓటు హక్కున్న ఎక్స్ అఫీషియో సభ్యులతో (స్థానిక ఎమ్మెల్యేల లాంటివాళ్లతో) కలిసి చేతులెత్తి మేయర్‌ను ఎన్నుకుంటారు. అంటే మన ఫార్మసిస్టు ముందు తన డివిజన్‌లో గెలవాలి. ఆ ఏడాది మేయర్ పదవి ఏ వర్గానికి రిజర్వ్ అయిందో కలిసిరావాలి. పార్టీ కూడా ఆయన పేరే ఖరారు చేయాలి. కార్పొరేషన్‌కు తన షాపు మందులు సప్లై చేసే కాంట్రాక్టు ఉంటే పోటీకే పనికిరాడు.

ఒక విషయం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తోంది. కర్నూలు 1866లోనే మున్సిపాలిటీ, 1994లో కార్పొరేషన్ అయింది. అంత పాత ఊరికి 2005 తర్వాత మళ్లీ 2021లోనే ఎన్నికలు జరిగాయి. మధ్యలో చాలా ఏళ్లు ప్రత్యేకాధికారుల పాలనే. కుళాయిలో మురుగు వస్తే నిలదీయడానికి వార్డుకొక మనిషి లేకుండా ఒక తరం పిల్లలు పెరిగారు. ఇది నాకు బాధగా ఉంటుంది.

[తెరపై: తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నుంచి కర్నూలు దాకా నీళ్లు వచ్చే దారి]

కుర్చీ దక్కింది. సంతకాల పెన్ను మాత్రం కమిషనర్ చేతిలోనే ఉంటుంది. పనులు చేయించేది, సిబ్బందిని నడిపేది ఆయనే. మేయర్ కౌన్సిల్ సమావేశాన్ని నడుపుతారు, ఏ విషయం మీద చర్చ జరగాలో పట్టుబడతారు. మన ఫార్మసిస్టు బలం అక్కడే. ఏ వీధి నుంచి ఎప్పుడు ఎంతమంది విరేచనాలతో వచ్చారో ఆయన దగ్గర రాసి ఉంటుంది.

ఆ లెక్కను పైపుల మ్యాప్ పక్కన పెట్టండి. తుంగభద్ర నీళ్లు శుద్ధి అయి ట్యాంకు దాకా బాగానే వస్తాయి. మన వీధుల్లో మాత్రం రోజంతా నీళ్లు వదలరు. ఆపగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. మురిక్కాలువ పక్కన చీలిక ఉంటే బయటి మురుగు లోపలికి పోతుంది. కుళాయికే మోటారు బిగిస్తే ఆ లాగుడు ఇంకా ఎక్కువ. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలో పడేది అదే.

దీన్ని పట్టుకునే పరీక్ష చాలా చిన్నది. చివరి ఇంటి కుళాయి నీళ్లలో పరీక్ష మందు చుక్కలు వేస్తే, శుద్ధి చేసేటప్పుడు కలిపిన క్లోరిన్ ఇంకా మిగిలి ఉంటే పసుపు రంగు వస్తుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. రంగు రాలేదంటే దారిలో ఎక్కడో మురుగు కలిసి క్లోరిన్‌ను తినేసి ఉండొచ్చు.

[తెరపై: వీధి చివరి కుళాయి, చేతిలో గాజు గొట్టం]

మేయరయ్యాక ఆయన తెల్లవారుజామున నీళ్లు వదిలే వేళకు ఆ చివరి ఇంటి దగ్గరుంటారు. లైన్‌మన్ పక్కనే ఉంటాడు. గొట్టంలో రంగు రాలేదు. ఆయన జేబులోంచి పుస్తకం తీసి వీధి పేరు, తేదీ, టైము రాసుకుంటారు, షాపులో రిజిస్టర్ రాసినట్టే.